ఎవరి నేల, ఎవరి వజ్రాలు

1966 సెప్టెంబరు 30న బోట్స్వానా స్వతంత్ర దేశమైంది. అప్పుడు ఆ దేశం చేతిలో ఏముందో చూస్తే కొత్త ప్రభుత్వం ఎన్నాళ్లు నిలబడుతుందోనని ఎవరికైనా అనుమానం రావలసిందే. ఫ్రాన్సు కంటే కాస్త పెద్ద నేలలో తారు రోడ్డు 12 కిలోమీటర్లు. పట్టభద్రులు 22 మంది. ఎనభై ఏళ్లు ఏలిన బ్రిటన్ అక్కడ ఒక రాజధాని కూడా కట్టలేదు. బెచువానాలాండ్ అని పిలిచిన ఆ సీమ పాలనంతా సరిహద్దు అవతల, దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్ నుంచి నడిచింది. ఏళ్ల తరబడి వానల్లేక దాదాపు మూడో వంతు పశువులు చచ్చిపోయాయి, జనంలో చాలామంది కరువు సాయంగా వచ్చిన గింజల మీద బతుకుతున్నారు. ఉద్యోగుల జీతాలకు సైతం లండన్ గ్రాంటు రావాలి. అలాంటి దేశం తర్వాతి పాతికేళ్లలో ప్రపంచంలో అతి వేగంగా ఎదిగిన ఆర్థిక వ్యవస్థల్లో ఒకటైంది. వజ్రాలు దొరికాయి కదా, అందులో వింతేముంది అనేవారున్నారు. వజ్రాలు కాంగోలోనూ దొరికాయి, సియెర్రా లియోన్‌లోనూ, అంగోలాలోనూ దొరికాయి. ఆ దేశాల్లో అవి తుపాకులకు ఖర్చయ్యాయి. కాబట్టి రాయి దొరకడం కథలో సగమే. ఈ రాయి ఎవరిది అన్న ప్రశ్నను బోట్స్వానా ముందు తన జనంతో తేల్చుకుంది, ఆ తర్వాతే గనుల కంపెనీ ముందు కూర్చుంది. తక్కిన మంచి అంతా ఆ వరస నుంచి వచ్చిందనీ, ఈనాటి కష్టాలు కూడా ఆ తేల్చుకోవడంలో మిగిలిపోయిన వెలితి నుంచే వచ్చాయనీ నా వాదన.

ఈ ప్రశ్న స్వాతంత్ర్యంతో పుట్టింది కాదు. సెసిల్ రోడ్స్ నడిపిన బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీ 19వ శతాబ్దం చివర్లో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమంతటా తెగనాయకుల దగ్గర ఖనిజ హక్కులు రాయించుకుంటూ తిరిగింది. 1895లో బెచువానాలాండ్‌నే ఆ కంపెనీకి అప్పగించే ప్రయత్నం జరిగినప్పుడు బంగ్వాటో తెగకు చెందిన మూడో ఖామా, బక్వేనా నాయకుడు సెబెలే, బంగ్వాకెట్సే నాయకుడు మొదటి బాథోయెన్ కలిసి లండన్ వెళ్లారు. ఊరూరా సభల్లో మాట్లాడి, చర్చి వర్గాల మద్దతు కూడగట్టి, తమను కంపెనీకి కాక నేరుగా రాణి పాలన కిందే ఉంచాలని అడిగారు. కొద్ది నెలల్లో జేమ్సన్ దండయాత్ర బెడిసికొట్టి రోడ్స్ పరువు పోవడంతో ఆ అప్పగింత ఆగిపోయింది. అయితే ఖామా దగ్గర కంపెనీ 1893లో రాయించుకున్న ఖనిజ ఒప్పందం కాగితం మాత్రం మిగిలింది. 1920ల చివర్లో కంపెనీ దాన్ని బయటికి తీసింది. అప్పుడు బంగ్వాటో తెగను బాలుడైన వారసుడి తరఫున ఏలుతున్నది ట్షెకెడీ ఖామా. గనులొస్తే ఏమవుతుందో ఆయనకు జొహానెస్‌బర్గ్ చూపించింది: నేల పోతుంది, మగవాళ్లు కూలి బారకుల పాలవుతారు, తెగ విచ్ఛిన్నమవుతుంది. 1930లో ఆయన కూడా లండన్ వెళ్లి వలసల మంత్రి లార్డ్ పాస్‌ఫీల్డ్‌ను కలిసి వాదించాడు. కొన్నేళ్లకు కంపెనీ ఆ హక్కును వదులుకుంది.

ఈ పోరాటంలో అంతగా గుర్తింపు పొందని ఫలితం ఒకటుంది. ట్షెకెడీ గనులు వద్దన్నాడు గానీ, ఆ వద్దనే హక్కు తెగదేనని కూడా అందరి చేతా ఒప్పించాడు. ఖనిజం మీద మాట చెల్లాలంటే తెగ ఒప్పుకోవాలి అన్నది ఆ నేలలో స్థిరపడిపోయింది. 1950లలో ఆయనే మనసు మార్చుకున్నాడు. పశువుల మీదే బతికే జాతికి కరువు ఏమి చేస్తుందో చూశాక గనులు తప్పవని తేల్చుకుని రొడీషియన్ సెలెక్షన్ ట్రస్ట్ అనే రాగి కంపెనీతో 1959లో తెగ తరఫున ఒప్పందం కుదిర్చాడు. అదే ఏడాది చనిపోయాడు. ఆ ఒప్పందం ప్రకారం రాగి దొరికితే రాయల్టీ బంగ్వాటోలకు వస్తుంది. దేశానికి రాదు, దేశమనేదే అప్పటికి లేదు. ఆ ఆదాయం తెగ ఖజానాకే పోయి ఉంటే బెచువానాలాండ్‌లో ఒక్క తెగ సంపన్నమై, తక్కినవి దాని వైపు చూస్తూ ఉండిపోయేవి. ఆఫ్రికాలో అదే కాలంలో అలాంటి అసమానత ఏం చేసిందో అందరికీ తెలుసు. 1960 జులైలో రాగి గనుల కటాంగా కాంగో నుంచి విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. ఆగస్టులో వజ్రాల దక్షిణ కసాయి అదే పని చేసింది. 1967లో నైజీరియాలో బయాఫ్రా యుద్ధం మొదలైంది, చమురు దాని మూలకారణాల్లో ఒకటి.

ట్షెకెడీ ఎవరి తరఫున ఏలాడో ఆ బాలుడే సెరెట్సే ఖామా. ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదువుతూ 1948లో రూత్ విలియమ్స్ అనే తెల్ల యువతిని పెళ్లాడినందుకు, వర్ణవివక్షను చట్టంగా మారుస్తున్న దక్షిణాఫ్రికా నొచ్చుకుంటుందని బ్రిటన్ ఆయన్ను సొంత నేలకు దూరంగా ఉంచింది. నాయకత్వం వదులుకుంటానని రాసిచ్చాక 1956లో మామూలు పౌరుడిగా తిరిగి రానిచ్చింది. తర్వాత ఆయన పెట్టిన బోట్స్వానా డెమొక్రటిక్ పార్టీ 1965 ఎన్నికల ప్రణాళికలోనే ఖనిజ హక్కులను తెగల నుంచి దేశానికి బదలాయించేందుకు సంప్రదింపులు జరుపుతామని చెప్పింది. గెలిచి, రెండేళ్లకు, 1967లో చట్టం చేసింది. తెగల భూముల కింద ఉన్న ఖనిజాలు ఇక మీదట గణతంత్రానివి. అది ఒక్క గెజెట్ ప్రకటనతో లాక్కున్నది కాదు. క్గోట్లా అనే బహిరంగ సభ, మన రచ్చబండ లాంటిది, ప్రతి తెగకూ ఉంది; అక్కడ పెద్దలు కూర్చుని మాట్లాడి ఒప్పుకోవాలి. ఒక్కో తెగతో సంప్రదించి, ఒప్పందాలు రాసుకుని, బదిలీ జరిపారు. అందరికంటే ఎక్కువ పోగొట్టుకోబోయేది బంగ్వాటోలే, ఎందుకంటే ఒప్పందం చేతిలో ఉన్నదీ, అన్వేషణ జోరుగా జరుగుతున్నదీ వారి నేలలోనే. వాళ్లను అడుగుతున్నది వాళ్ల వారసుడే. తన హక్కును అప్పటికే వదులుకున్న మనిషి కనుక ఆయన మాటకు బరువు వచ్చిందని నేను అనుకుంటాను. వేరే తెగవాడు అడిగి ఉంటే దోపిడీ అనేవారు.

అదే 1967లో డీబీర్స్ అనే వజ్రాల కంపెనీ వాళ్లకు ఒరాపా దొరికింది. ఆ వెతుకులాట ఖనిజశాస్త్ర చరిత్రలో అందమైన ఘట్టం. 1950లలో తూర్పున మొట్లౌట్సే నది ఇసుకలో మూడు చిన్న వజ్రాలు దొరికాయి, వాటి తల్లి శిల మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. నది పుట్టిన చోటు దాకా వెళ్లినా లేదు. గావిన్ లామంట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు: ఒకప్పుడు ఈ నది ఇంకా పడమర నుంచి పారి ఉండాలి, మధ్యలో నేల పైకి లేచి దాని తల తెగిపోయి ఉండాలి. ఆ లేచిన గట్టు దాటి పడమటికి వెళితే ఆ తల్లి శిల, ఒరాపా కింబర్లైట్ పైపు, బయటపడింది, ప్రపంచంలోని అతి పెద్ద వజ్రపు పైపుల్లో ఒకటి. దాని పక్కనే లెట్లకానే. ఇవి రెండూ బంగ్వాటోల నేలలోనివి. కొన్నేళ్లకు, దక్షిణాన, కలహారీ ఇసుక నలభై యాభై మీటర్ల మందాన కప్పి ఉన్న చోట జ్వానెంగ్ దొరికింది. అంత లోతు నుంచి కింబర్లైట్ ఆనవాళ్లను పైకి తెచ్చింది తేమ కోసం కిందికి తవ్వుకుపోయిన చెదపురుగులని చెబుతారు. పుట్టమట్టిలో దొరికిన ఖనిజపు రేణువులే దారి చూపాయి. 1982లో మొదలైన ఆ గని విలువ రీత్యా ప్రపంచంలోనే అత్యంత సంపన్నమైన వజ్రాల గని. అది బంగ్వాకెట్సేల నేల.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. తెగల లెక్కన చూస్తే 1967లో ఒరాపా వల్ల లాభపడేది బంగ్వాటోలు, నష్టపోయేది తక్కినవాళ్లు. పదిహేనేళ్లు గడిచేసరికి జ్వానెంగ్ వల్ల తూకం తిరగబడింది. హక్కులు తెగల దగ్గరే ఉండి ఉంటే ఉత్తరాన ఒక వజ్రాల తెగ, దక్షిణాన అంతకంటే ధనికమైన మరో వజ్రాల తెగ తయారై, మధ్యలో రాజధాని గాబొరోన్ చేతులు కట్టుకుని నిలబడేది. ఈ భయం ఊహ మాత్రమే కాదు. బంగ్వాకెట్సే నాయకుడు రెండో బాథోయెన్ కొత్త ప్రభుత్వం నాయకుల అధికారాలను కత్తిరిస్తున్నదన్న కోపంతో 1969లో పదవి వదిలి, ప్రతిపక్షం తరఫున పోటీ చేసి, స్వయంగా ఉపాధ్యక్షుడు క్వెట్ మసీరేనే ఓడించాడు. అలాంటి నాయకుడి చేతిలో జ్వానెంగ్ పత్రాలు కూడా ఉండి ఉంటే ఆ పోటీ పార్లమెంటు సీటుతో ఆగేదా? చట్టం ముందే ఉంది కనుక ఆ కోపం ఓట్ల పెట్టెలోనే ఉండిపోయింది. తర్వాత దొరికిన గని గురించి ఎవరూ కొట్లాడుకోలేదు. తగవు తేలిపోయాక దొరికిన సొత్తు అది.

లోపల తేలిన మాట బయట బేరంలో బలమైంది. 1969లో డీబీర్స్‌తో కలిసి గని కంపెనీ పెట్టినప్పుడు ప్రభుత్వ వాటా 15 శాతం. గని ఎంత పెద్దదో అప్పటికి తెలియదు, ప్రభుత్వం దగ్గర పెట్టుబడీ లేదు, నైపుణ్యమూ లేదు. ఒరాపా అంచనాలను మించి పండాక ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని తిరగరాద్దామంది. 1975లో వాటా 50 శాతమైంది. తర్వాతి రోజుల్లో డెబ్స్వానా అని పేరు మార్చుకున్న ఆ కంపెనీ లాభాల్లో పన్ను, రాయల్టీ, డివిడెండు కలిపి సుమారు 80 శాతం ప్రభుత్వానికే చేరుతుందని చెబుతూ వచ్చారు. అదే దశకంలో ఆఫ్రికాలో చాలా ప్రభుత్వాలు గనులను జాతీయం చేసి, నడపలేక కుదేలయ్యాయి. బోట్స్వానా గనిని లాక్కోలేదు, కంపెనీని వెళ్లగొట్టలేదు. లెట్లకానే తవ్వాలన్నా, జ్వానెంగ్ తెరవాలన్నా కంపెనీకి కొత్త అనుమతి కావాలి. ఆ అనుమతి ఇవ్వగలిగింది ఒక్క గాబొరోన్ మాత్రమే. పక్కదారిన వెళ్లి ఏ తెగనాయకుడి చేతా సంతకం పెట్టించుకునే వీలు కంపెనీకి లేకుండా పోయింది. రోడ్స్ కాలం నుంచి ఆఫ్రికాలో గనుల కంపెనీలు ఆడిన ఆట అదే కదా! ఆ తలుపు మూసుకుపోవడమే 1975 బేరానికి అసలు బలం.

డబ్బు వచ్చాక ఏం చేశారన్నది వేరే పరీక్ష. 1969లో దక్షిణాఫ్రికాతో కస్టమ్స్ యూనియన్ ఒప్పందాన్ని తిరగరాయించి, 1972-73 నాటికి రోజువారీ ఖర్చులకు బ్రిటన్ గ్రాంటు అవసరం లేకుండా చేసుకున్నారు. అంటే వజ్రాల వెల్లువకు ముందే పద్దు సరిగా రాసుకోవడం అలవాటైంది. జాతీయ అభివృద్ధి ప్రణాళికలో లేని పనికి డబ్బు కేటాయించాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలన్న కట్టుబాటు ఉండేది. మంత్రులు తలచుకున్నప్పుడల్లా ఖజానా తెరుచుకునేది కాదు. ఈ కట్టుబాటు 1981-82లో అక్కరకొచ్చింది. అప్పుడు వజ్రాల గిరాకీ కుప్పకూలి నెలల తరబడి అమ్మకాలే లేవు. వేరే దేశమైతే అప్పులపాలై, ఉన్న సరుకును అయినకాడికి తెగనమ్ముకునేది. బోట్స్వానా దాచిన డబ్బు మీద బతుకుతూ వజ్రాలను పోగుచేసి పెట్టింది. 1987లో ఆ పోగును డీబీర్స్‌కు నగదుతో పాటు ఆ కంపెనీ వాటాలకు అమ్మింది. అలా తనను తవ్వుకుంటున్న కంపెనీలోనే 5 శాతానికి పైగా వాటా, బోర్డులో కుర్చీలు సంపాదించింది. ఆ వాటా తర్వాత 15 శాతానికి చేరింది. 1994లో మిగులును దాచే పూలా ఫండ్ ఏర్పాటైంది. బళ్లు, ఆస్పత్రులు, రోడ్లు ఈ డబ్బుతోనే వచ్చాయి. 2002లో ఎయిడ్స్ మందులను ఉచితంగా ఇచ్చే జాతీయ కార్యక్రమాన్ని ఆఫ్రికాలో ముందుగా మొదలుపెట్టగలిగింది కూడా ఈ ఖజానా ఉండబట్టే. వయోజనుల్లో చాలా పెద్ద భాగం ఆ వ్యాధితో కూలిపోతున్న రోజులవి. వజ్రాలు మనుషుల ప్రాణాలు నిలిపిన సందర్భం చరిత్రలో ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా నాకు కనబడదు.

ఇదంతా అదృష్టమని కొట్టిపారేసేవారి వాదన బలమైనదే. బోట్స్వానా వజ్రాలు నేలలో నిలువుగా దిగిన కింబర్లైట్ పైపుల్లో ఉన్నాయి. మన అనంతపురం జిల్లా వజ్రకరూరులోనివీ అలాంటి పైపులే. వాటిని తవ్వాలంటే భారీ యంత్రాలు, కోట్ల పెట్టుబడి కావాలి. చుట్టూ కంచె వేసి కాపలా పెడితే చాలు, ఒక్క రాయి బయటకు పోదు. సియెర్రా లియోన్‌లో వజ్రాలు నది ఒడ్డు కంకరలో చెల్లాచెదురుగా ఉంటాయి. పారా, జల్లెడ ఉన్నవాడెవడైనా తవ్వుకోవచ్చు, తుపాకీ ఉన్నవాడు వాడి దగ్గర లాక్కోవచ్చు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాలు కూడా ఈ కంకర రకమే. 17వ శతాబ్దంలో అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. కుతుబ్‌షాహీలు ఆ నేలను గుత్తకు ఇచ్చారు, పెద్ద రాళ్లు తమవేనన్నారు. తక్కిన రాళ్లు వర్తకుల మూటల్లో దేశాలు దాటాయి, తవ్విన కూలీకి గాని ఆ ఊళ్లకు గాని మిగిలిందేమీ కనబడదు. ఇప్పుడు ఆ కొల్లూరు పులిచింతల జలాశయం కింద ఉంది. కాబట్టి నేల తీరు పాలన తీరును కొంత నిర్ణయిస్తుందన్నది నిజమే, ఒప్పుకుంటాను. అయినా ఈ వాదన చివరిదాకా నిలవదు. కాంగోలోని ఎంబుజీ మాయిలో కూడా కింబర్లైట్ పైపులున్నాయి, కంచెలున్నాయి, ప్రభుత్వ వాటా ఉన్న పెద్ద కంపెనీ ఉంది. మొబుటు ఏలుబడిలో ఆ కంపెనీ పిండి పిప్పి అయింది. అది సరిగ్గా 1960లో విడిపోదామన్న దక్షిణ కసాయి నేల. ఆ వజ్రాలు ప్రాంతానివా, దేశానివా, అధ్యక్షుడివా అన్నది అక్కడ మాటలతో ఎన్నడూ తేలలేదు, సైన్యంతో తేలింది. కంచె వేయడం సులువైనప్పుడు దొంగ బయటివాడే కానక్కర్లేదు, కంచె కట్టినవాడే దోచుకోవడం ఇంకా సులువు.

అప్పట్లో జనం అయిదారు లక్షలే, అందరూ ఒకే భాషవాళ్లు, నాయకుడు మంచివాడు, అందుకే కుదిరిందని మరో మాట వినిపిస్తుంది. సెరెట్సే నిజాయితీపరుడే, ఆయన తర్వాత వచ్చిన మసీరే కూడా. కానీ మంచితనం ఒక్కటే అయితే సెరెట్సే చనిపోయిన 1980తోనే కథ ముగిసేది. 1987 వాటాల బేరం, 1994 నిధి, 2011లో డీబీర్స్‌తో కుదిరిన ఒప్పందం ఆయన తర్వాతివి. ఆ చివరి ఒప్పందం ఫలితంగా ప్రపంచ నలుమూలల నుంచి వచ్చే డీబీర్స్ ముడి వజ్రాలను కలిపి, వేరుచేసి, అమ్మే పని 2013లో లండన్ నుంచి గాబొరోన్‌కు మారింది. తమ ఉత్పత్తిలో కొంత భాగాన్ని సొంతంగా అమ్ముకునే ప్రభుత్వ కంపెనీ కూడా ఏర్పడింది. ఇక అందరూ ఒకే జాతి అన్నది సగం నిజం. స్వాతంత్ర్యం నాటి రాజ్యాంగం పేరు పెట్టి గుర్తించింది ఎనిమిది ప్రధాన ట్స్వానా తెగలను. వాటికి సొంత భూభాగాలుండేవి, నాయకుల సభలో సహజంగా చోటుండేది. 1967లో హక్కులు వదులుకోమని అడిగింది భూభాగాలున్న ఇలాంటి తెగలనే. తక్కినవాళ్లు కలంగాలు, బక్గలగడీలు, అందరికంటే కింద బసర్వాలు.

నా వాదనకు అసలు పరీక్ష ఈ బసర్వాలే. శాన్ అని బయటి ప్రపంచం పిలిచే వీరు ఆ నేలకు అందరికంటే పాతవారు. కలహారీ నడిబొడ్డున వారి సంచారానికి వీలుగా 1961లో ఒక పెద్ద అభయారణ్యాన్ని ప్రకటించారు. అది తెగల భూమి కాదు, ప్రభుత్వ భూమి. అంటే దాని కింద ఏమున్నా అది ముందునుంచే సర్కారుది. ఒప్పుకోమని అడగడానికి అక్కడ ఎవరూ లేరన్నట్టే లెక్క. 1980లలో అక్కడి గోపే దగ్గర వజ్రాల పైపు దొరికింది. 1997లోనూ, 2002లోనూ బసర్వాలను ట్రక్కుల్లో ఎక్కించి బయట కొత్త కాలనీలకు తరలించారు, నీటి బోర్లు మూసేశారు. బళ్లు, ఆస్పత్రులు అందించడానికీ, అడవి జంతువులను కాపాడటానికీ తరలించామనీ, వజ్రాలకు దీనితో సంబంధం లేదనీ ప్రభుత్వం చెప్పింది. వజ్రాలే అసలు కారణమని నేను ఖాయంగా అనలేను. కానీ ఒకటి మాత్రం కనబడుతూనే ఉంది: బంగ్వాటోలను రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి అడిగిన ప్రభుత్వం బసర్వాలను అలా అడగలేదు. 2006 డిసెంబరులో ఆ దేశపు హైకోర్టు తరలింపు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. బోరు నీటి హక్కు కోసం మళ్లీ కోర్టుకెక్కితే 2011లో అప్పీలు కోర్టు వారికి ఆ హక్కూ ఇచ్చింది. 2014లో గోపేలో గని తెరిచారు, మూడేళ్లలో మూతపడింది. భూమి ఆదివాసులదైనా కింది ఖనిజం సర్కారుదన్న సూత్రం ఎక్కడ ఎలా వాడుకలోకి వస్తుందో ఆదివాసి ప్రాంతాల్లో గనుల లీజులపై సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 సమత తీర్పు చదివిన తెలుగువారికి వివరించనక్కర్లేదు. ఇది బోట్స్వానా పద్ధతి తప్పని చూపే ఉదాహరణ అంటారు విమర్శకులు. నేను దీన్ని మరోలా చదువుతాను. అడిగి తీసుకున్న చోట ఆ పద్ధతి నిలిచింది, అడగకుండా తీసుకున్న చోట కోర్టులో కూలింది. తప్పు 1967 చట్టంలో కంటే, అది ఎవరిని మనుషులుగా లెక్కించి సంప్రదించిందన్న దానిలో ఎక్కువుంది.

చివరి అభ్యంతరం కడుపుకు సంబంధించినది. ఇన్ని వజ్రాలు తవ్వినా ఉద్యోగాలేవి? వజ్రాల గని లోతైన పెద్ద గొయ్యి, దానిలో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. వేలమందికి పని ఇచ్చిన సెలెబీ ఫిక్వే రాగి-నికెల్ గని, ట్షెకెడీ కాలపు ఒప్పందం నుంచి పుట్టినది, ఎన్నడూ సరిగా లాభాల్లో నడవక 2016లో మూతపడింది. ముడి వజ్రాలను సానబట్టే పని సూరత్‌లోనే ఎక్కువ జరుగుతుంది. గాబొరోన్‌లో పెట్టిన ఫ్యాక్టరీలు, వాటిలో భారతీయులవి కూడా కొన్ని, ఆ పోటీ ముందు చిన్నవే. చదువుకున్న యువతకు కొలువుల్లేవు. ప్రపంచంలో ఆర్థిక అసమానతలు అతి ఎక్కువగా ఉన్న దేశాల్లో బోట్స్వానా ఒకటి. ప్రయోగశాలలో పెంచిన కృత్రిమ వజ్రాలు వచ్చి ధరలు పడ్డాయి, డెబ్స్వానా ఉత్పత్తి తగ్గించుకుంది, దాచిన నిల్వలు కరిగాయి. 2024 అక్టోబరులో స్వాతంత్ర్యం నాటి నుంచి ఓడని పార్టీని జనం 58 ఏళ్ల తర్వాత దించేశారు. ఈ విమర్శను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఖనిజాన్ని అందరిదిగా చేయడం, దాని ఫలాన్ని అందరికీ పంచడం వేర్వేరు పనులు. మొదటిది 1967లో అయిపోయింది. రెండోదాన్ని ప్రణాళిక కాగితాలకూ ఆర్థిక శాఖ అధికారులకూ వదిలేశారు. అధికారులు బళ్లు కట్టారు, రోడ్లు వేశారు, మిగులు దాచారు. పొలం లేని, పశువుల్లేని కుటుంబానికి ఆ సంపదలో నేరుగా హక్కేమైనా ఉందా అన్న ప్రశ్న మాత్రం ఏ సభలోనూ 1967లో లాగా గట్టిగా నలగలేదు. పెద్ద పశువుల మందలున్న వర్గమే పార్టీనీ ప్రభుత్వాన్నీ నడిపింది కనుక ఆ ప్రశ్న లేవకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా ఆ 2024 ఎన్నికల్లో గమనించవలసిన విషయం ఒకటుంది. వజ్రాల ఆదాయం పడిపోయిన దేశంలో అధికారం మారింది, ఒక్క తుపాకీ పేలలేదు, ఓడిన అధ్యక్షుడు మసీసీ తానే ఓటమిని ఒప్పుకున్నాడు. ఖజానా ఒక కుటుంబం చేతిలోనో ఒక తెగ చేతిలోనో ఉన్న చోట ఇది జరగదు. కొత్త అధ్యక్షుడు డూమా బోకో 2025 ఫిబ్రవరిలో డీబీర్స్‌తో కొత్త ఒప్పందం చేసుకున్నాడు. డెబ్స్వానా రాళ్లలో 30 శాతాన్ని ప్రభుత్వ కంపెనీ సొంతంగా అమ్ముకుంటుంది, ఆ వాటా దశలవారీగా సగం వరకు పెరుగుతుంది, గనుల లైసెన్సులు 2054 దాకా సాగుతాయి. మరోపక్క డీబీర్స్‌లో 85 శాతం ఉన్న ఆంగ్లో అమెరికన్ ఆ వాటాను వదిలించుకుంటానని 2024లో ప్రకటించింది, బోట్స్వానా తన 15 శాతాన్ని పెంచుకోవాలనుకుంటోంది. రోడ్స్ స్థాపించిన డీబీర్స్‌ను, ఒకప్పుడు అతని చేతిలో పడకుండా తప్పించుకున్న సీమ కొనాలనుకోవడం చరిత్రలో చిన్న సంగతి కాదు. కానీ ధరలు పడిపోతున్న సరుకు మీద, కరిగిపోతున్న నిల్వలతో ఈ కొనుగోలు చేయాలా వద్దా అన్నది మంత్రులూ బ్యాంకర్లూ గదిలో కూర్చుని తేల్చే విషయం కాకూడదు. 1967లో ఎనిమిది తెగలను అడిగారు. ఈసారి గోపే వాళ్లనూ, ఫిక్వేలో పని పోయినవాళ్లనూ, గాబొరోన్ వీధుల్లో డిగ్రీ పట్టుకుని తిరుగుతున్న పిల్లలనూ కూడా కూర్చోబెట్టి అడగాలి, కంపెనీకి జవాబు చెప్పకముందే.